ఇంజనీరింగు పిల్లలూ, ఫిజిక్సు రికార్డూ

ఆ మధ్య ఒక ఆదివారం మా తమ్ముని మనుమరాలు మా యింటికి వచ్చింది. ఊరి వెలుపల ఒక ఇంజనీరింగు కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్నది. భోజనం కాగానే సంచిలోనుంచి రెండు రికార్డు నోటుబుక్కులు తీసి, ఒకటి ఎడమవైపు, ఒకటి కుడివైపు పెట్టుకొని, ఎడమదానిలోని అంకెలను కుడిదానిలోకి దింపటం మొదలుపెట్టింది. కాసేపు ఊరకుండి, "ఏమిటమ్మా అది?" అన్నాము.

"ఫిజిక్సు రికార్డు తాతయ్యా. ఇది సీనియర్ అక్కది."

"ఏ ప్రయోగం?"

"ఎయిర్ వెడ్జ్. సన్నతీగ మందం కనుక్కోవటం."

"తీగ నువ్వు కొలిచావా?"

"ఇంకా లేదు తాతయ్యా. మా బ్యాచికి బుధవారం. ముందే రాసి పెట్టుకుంటే సంతకం త్వరగా అయిపోతుంది."

ప్రయోగం బుధవారం, ఫలితం ఆదివారం! పంచాంగం చూసి గ్రహణం చెప్పినట్లున్నది. "పోనీ, అక్క కొలిచిన తీగా, నువ్వు కొలవబోయే తీగా ఒకటేనా?" అని అడిగాము. ఆ పిల్ల కలం ఆపి, మా అమాయకత్వానికి జాలిపడ్డట్లు చూసి, "ఏ తీగయితే ఏముంది తాతయ్యా? ఆన్సరు అదే రావాలి గదా!" అన్నది.

వంటింట్లోనుంచి ఆమె నాయనమ్మ కూడా నవ్వింది. మేమూ నవ్వాము. కాని ఆ రాత్రి నిద్రపట్టే ముందు ఆ మాట మళ్ళీ గుర్తుకు వచ్చింది, అప్పుడు నవ్వు రాలేదు. ఎందుకంటే మేమూ ఆ బాపతువాళ్ళమే. మా కాలంలో తీగకు వేలాడదీసిన ఇత్తడి బిళ్ళను మెలిపెట్టి వదిలి, అది ఇటూ అటూ తిరిగే కాలాన్ని లెక్కించి, తీగ బిగువును కనుక్కునే ప్రయోగం ఒకటుండేది. ఇప్పటికీ ఉన్నది. పాఠ్యపుస్తకంలో రావలసిన అంకె అచ్చయి ఉండేది. ఆ అంకెనుంచి వెనక్కు లెక్కగట్టి, ఎన్ని సెకండ్లు పట్టి ఉండాలో తేల్చుకొని, నమ్మకం కుదరటానికి అక్కడక్కడ ఒక పాయింటు అటూయిటూ చేసి రాసుకునేవాళ్ళము. లెక్చరరుగారు సంతకం చేసేవారు. ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాము.

నష్టం ఎక్కడున్నదో ఉద్యోగంలోకి వచ్చిన చాలా ఏళ్ళకు తెలిసింది. కట్టడం పనుల్లో కాంక్రీటు పోసేటప్పుడు అదే కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల ఘనాలు పోసి, 28 రోజులు నీళ్ళలో నానబెట్టి, యంత్రంలో పెట్టి నలగ్గొట్టి చూస్తారు. ఎంత బరువుకు నలిగిందో రిజిస్టరులో రాస్తారు. ఒక పనిలో మేము ఆ రిజిస్టరు తిరగేస్తుంటే ఆరు ఘనాలూ ఇంచుమించు ఒకే బరువుకు నలిగినట్లున్నది. లోకంలో ఏ ఆరు ఘనాలూ అంత అన్నదమ్ముల్లా నలగవు. అక్కడి కుర్ర ఇంజనీరును పక్కకు పిలిచి అడిగితే, పాపం, అబద్ధమాడలేదు. "రావలసినంత రాశామండీ" అన్నాడు. ఆ మాట వినగానే మా ఇత్తడి బిళ్ళ కళ్ళ ముందు గిర్రున తిరిగింది. మిగిలిన ఘనాలను మా యెదుటనే నలగ్గొట్టిస్తే వాటిలో రెండు తప్పాయి. పై అంతస్తు పని నెలరోజులు ఆగిపోయింది. ఆ కుర్రవాడిని మందలించటానికి మాత్రం మాకు నోరు రాలేదు.

అందుచేత ఇంజనీరింగు పిల్లలకు ఫిజిక్సు ఎట్లా చెప్పాలన్నది లెక్చరర్లూ సిలబసు కమిటీలూ చూసుకునే విషయమేలే అని మన కుటుంబాలవాళ్ళము ఊరుకోవటానికి వీల్లేదు. ఇంటికొక ఇంజనీరయినా ఉన్న సమాజం మనది. కొన్ని ఇళ్ళలో ఇంజనీరు కానివాణ్ణి వెతుక్కోవాలి.

అసలీ పట్నంలో ఇంజనీరింగు చదువు పుట్టిందే కొలతతో. 1794లో మైకేల్ టాపింగ్ పర్యవేక్షణలో ఇక్కడ పెట్టిన సర్వే స్కూలే క్రమంగా పెరిగి 1859లో ఇంజనీరింగు కాలేజీ అయింది, 1920లో గిండీకి మారింది. 1978లో అణ్ణా విశ్వవిద్యాలయంలో భాగమయింది. మనవాళ్ళకు ఆ ఆవరణతో ఉన్న బంధం చిన్నది కాదు. నాగార్జునసాగరం పేరు చెప్పగానే గుర్తుకువచ్చే కానూరి లక్ష్మణరావుగారు అక్కడే చదివారు. 1946లో మొదలయిన అనంతపురం ఇంజనీరింగు కాలేజీ కూడా 1948లో సొంత ఊరు చేరేవరకూ గిండీలోనే కాపురమున్నది. గొలుసు పట్టుకొని నేల కొలవటం నేర్పటానికి పుట్టిన చోట, కొలవకుండా రాయటం పిల్లలకు అలవాటు కావటం విచిత్రమే గదా.

ఇంకొక సంగతి చెప్పాలి. ప్రిజముతో, స్పెక్ట్రోమీటరుతో చేసే ప్రయోగం చేయని సైన్సు విద్యార్థి ఉండడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఆ పరికరంతోనే పాదరసపు దీపం రంగుల తరంగదైర్ఘ్యాలు కొలిపిస్తారు. విశాఖపట్నంలో చదువుకొని పెరిగి, సముద్రపు టొడ్డున ఉన్న మన ప్రెసిడెన్సీ కాలేజీలో చేరిన చంద్రశేఖర వేంకట రామన్ కూడా ఆ ప్రయోగమే చేశాడు. ప్రిజము కోణం కొలుస్తూ ఉండగా, వెలుతురు బాగా ఏటవాలుగా పడినప్పుడు అంచుల్లో కొన్ని చారలు కనిపించాయి. అవి రెండువైపులా సమానంగా లేవు. రికార్డులో ఆ చారలకు గడి లేదు, పరీక్షలో వాటికి మార్కులు లేవు. అయినా ఆ కుర్రవాడు వాటిని వదలలేదు. ఆ చారల మీద అతను రాసిన వ్యాసం 1906 నవంబరులో లండను నుంచి వెలువడే ఫిలసాఫికల్ మేగజైనులో అచ్చయింది. అప్పటికి అతనికి 18 ఏళ్ళు. అందరూ రామన్‌లు కావాలని మేము అనటంలేదు. సీనియరు రికార్డునుంచి ఎత్తి రాసి ఉంటే ఆ చారలు కనిపించేవి కావు, అంతవరకే మా మాట.

ఇందులో పిల్లల తప్పు తక్కువ. తమిళనాడులో 2007 ప్రవేశాలనుంచి ఇంజనీరింగుకు వేరే ప్రవేశపరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులనే లెక్కలకు 100, ఫిజిక్సుకు 50, కెమిస్ట్రీకి 50, వెరసి 200కు కుదించి సీట్లు ఇస్తారు. ఆ 50 మార్కులకోసం రెండేళ్ళు పిల్లలు ఫిజిక్సును సంధ్యావందనంలా వల్లిస్తారు. సీటు రాగానే ఫిజిక్సుతో పని అయిపోయిందనే అనుకుంటారు. తీరా మొదటి ఏడాదిలో అది మళ్ళీ ఎదురయితే, వదిలిపోయిందనుకున్న అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్లుంటుంది. కంప్యూటరు శాఖలో చేరిన పిల్లవాడు "నాకు ఇదెందుకు?" అంటాడు. తాను వాడే కంప్యూటరు గుండెకాయ సిలికాను బిళ్ళేనని, అందులో ఎలక్ట్రాను నడకే ఫిజిక్సు అని అతనికి ఎవరూ విడమరచి చెప్పి ఉండరు. ఎవరైనా చెప్పినా అదీ ఒక రెండు మార్కుల ప్రశ్నగానే చెప్పి ఉంటారు.

ఆ ఆదివారం సాయంత్రం కాఫీ తాగుతూ మా మనుమరాలిని ఒక ప్రశ్న అడిగాము. 1996లో మొదటిసారి తెలుగుగంగ ద్వారా కృష్ణ నీళ్ళు పూండి చేరినప్పుడు మన వీధుల్లో ఎంత సంబరపడ్డారో పెద్దలకు జ్ఞాపకముండే ఉంటుంది. అందుచేత ఆనకట్ట మీదనే అడిగాము. "నాగార్జునసాగరం అంత ఎత్తుగల ఆనకట్టలు రెండున్నాయనుకో. ఒకదాని వెనుక చూపు ఆనినంత దూరం నీళ్ళు. రెండోదాని వెనుక బారెడు వెడల్పున మాత్రమే, గోడకట్టి నిలిపినట్లు నీళ్ళు. లోతు రెండింటికీ ఒకటే, పొడవూ ఒకటే. కదలక నిలిచిన నీళ్ళు దేనిమీద ఎక్కువ తోస్తాయి?"

"మొదటిదానిమీద. అన్ని నీళ్ళుంటే ఎక్కువ తోయవూ?" అన్నది తడుముకోకుండా.

"నీళ్ళ ఒత్తిడికి సూత్రమేమిటి?"

అదీ తడుముకోకుండానే చెప్పింది. లోతు, సాంద్రత, గురుత్వం, మూడూ గుణించాలి.

"అందులో చెరువు వెడల్పు ఎక్కడున్నది?"

కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఒకటేనా తాతయ్యా? మరి ఆ నీళ్ళన్నీ ఏం చేస్తున్నట్లు?" అన్నది. ప్లస్ టూలో ఫిజిక్సులో 96 తెచ్చుకున్న పిల్ల ఆ పాఠాన్ని అసలయిన అర్థంలో చదవటం ఆ క్షణాన మొదలుపెట్టిందని మాకు తోచింది.

సూత్రం ఒక అరలో, నమ్మకం ఇంకొక అరలో ఉండటం మన పిల్లలకే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో హార్వర్డులో ఎరిక్ మజూర్ అనే ఆచార్యుడు ఏళ్ళ తరబడి ఫిజిక్సు చెప్పి, విద్యార్థులచేత మెప్పు పొందినవాడు. బలము, చలనము మీద అంకెలు లేని సులభమయిన ప్రశ్నలతో ఇద్దరు పరిశోధకులు తయారుచేసిన పరీక్షను ఆయన తన తరగతికి పెట్టాడు. ఒక విద్యార్థిని లేచి, ఈ ప్రశ్నలకు మీరు చెప్పినట్లు జవాబు రాయాలా, లేక నేను మామూలుగా అనుకునేట్లు రాయాలా అని అడిగిందట. ఆయనకు గుండె జారినంత పనయింది. 1991నుంచి ఆయన పాఠం చెప్పే తీరు మార్చాడు. కాసేపు చెప్పి ఒక ప్రశ్న వేయటం, ఎవరికి వారు జవాబు తేల్చుకొని చూపించటం, తరువాత పక్కవాడితో వాదించటం, మళ్ళీ జవాబు చెప్పటం. వాదించిన తరువాత సరయిన జవాబులు బాగా పెరిగేవి. ఆ మధ్యనే అర్థం చేసుకున్న కుర్రవాడు, పక్కవాడు ఎక్కడ తడబడుతున్నాడో ఆచార్యునికంటె బాగా ఎరుగును.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ కెనడాది. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్, ఆయన సహచరులు బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం ఫిజిక్సు తరగతులు రెండింటిని తీసుకున్నారు. ఒక్కొక్కదానిలో సుమారు 270 మంది. విషయం విద్యుదయస్కాంత తరంగాలు. ఒక తరగతికి మంచి పేరున్న అనుభవజ్ఞుడు ఎప్పటిలాగే ఉపన్యసించాడు. రెండోదానిలో అనుభవం లేకపోయినా కొత్త పద్ధతిలో తర్ఫీదు పొందినవారు ప్రశ్నలతో, చర్చలతో నడిపారు. వారం తరువాత ఒకే పరీక్ష పెట్టారు. మొదటి తరగతి సగటు నూటికి 41, రెండోది 74. ఈ ఫలితం 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక్క వారపు ముచ్చట చూసి పొంగిపోరాదు, నిజమే. అయితే అంతకుముందు 1998లోనే రిచర్డు హేక్ అనే ఆయన 62 తరగతులు, ఆరు వేలకు పైగా విద్యార్థుల లెక్కలు తీసి చూస్తే, పిల్లలను మాట్లాడనిచ్చి చెప్పిన చోట్ల ఎక్కిన జ్ఞానం ఉత్త ఉపన్యాసాల చోట్ల కంటె ఇంచుమించు రెండింతలున్నది.

ఇవి విన్న ఒక మిత్రుడు, జీవితమంతా ఫిజిక్సు చెప్పి రిటైరయినవారు, మా మీద కోప్పడ్డారు. "అరవైమంది తరగతి, అయిదు యూనిట్ల సిలబసు, వారానికి ఇన్ని పీరియడ్లు. వాదనలు పెడితే సిలబసు ఎవరు పూర్తి చేస్తారు? పూర్తి చేయకపోతే అడగటానికి మొదట వచ్చేది మీరే గదా!" అన్నారు. న్యాయమయిన మాట. మనము కాలేజీకి వెళ్ళి ఎన్నడయినా ప్రయోగశాల చూపించమన్నామా? పాసు శాతమెంత, ఏ కంపెనీలు వస్తాయి, హాస్టలులో భోజనం ఎట్లా ఉంటుంది, ఇవే మన ప్రశ్నలు. కాని పీరియడుకు ఒక్క ప్రశ్న, అయిదు నిమిషాల చర్చ, ఇంతమాత్రానికి సిలబసు మునిగిపోదు. ఖర్చు బొత్తిగా లేదు. ఆ అయిదు నిమిషాలు పిల్లలు తమిళంలో వాదించుకున్నా, తెలుగులో వాదించుకున్నా అడ్డుపడకూడదని మా అభిప్రాయం. తెలియనిదాన్ని తెలియని భాషలో అడగాలంటే ఎవరికయినా నోరు పెగలదు. పాఠం ఇంగ్లీషులో ఉండనీయండి, సందేహం ఇంటిభాషలో పుడుతుంది.

మన గిండీ అడవిపక్క ఐ.ఐ.టి.లో ఆచార్య వి. బాలకృష్ణన్ చెప్పిన ఫిజిక్సు ఉపన్యాసాలు ఎవరయినా కాసు ఖర్చులేకుండా ఇంట్లో కూర్చుని వినవచ్చు. నిజంగా గొప్ప వసతి. మేమూ కొన్ని విన్నాము. అర్థమయినంతవరకు ఆనందించాము, ఆ అర్థమయినంత ఎంతో చెప్పము. కాని వినటం వినటమే. సంగీత కచేరీకి ఎన్నిసార్లు వెళ్ళినా గొంతు పలకదు గదా.

అసలు మరమ్మతు ప్రయోగశాలలో జరగాలి. పరికరాలు కొత్తవి కానక్కరలేదు. తీగ ఎంత మందం ఉంటుందని నువ్వనుకుంటున్నావో ముందు రాయి, తరువాత కొలువు, రెండింటికీ తేడా వస్తే ఎందుకో రాయి అంటే చాలు. రావలసిన అంకె వచ్చిందా అని చూడటం మాని, వచ్చిన అంకె ఎట్లా వచ్చిందో చెప్పగలుగుతున్నాడా అని చూసి మార్కులిస్తే, ఎత్తి రాయటంలో లాభమే ఉండదు. ప్రతి బ్యాచికీ వేరు వేరు తీగ ఇచ్చినా సగం రోగం కుదురుతుంది. ఇంట్లో మనము చేయగలిగినదీ ఉన్నది. పిల్లల చేతిలోని ఫోనులో వేగం మారటాన్ని పసిగట్టే పరికరం ఉంటుంది. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంవారు ఫైఫాక్స్ అనే ఉచిత సాధనాన్ని ఇచ్చారు. దానితో ఫోనును మన ఫ్లాటు లిఫ్టులో నేలమీద ఉంచితే, లిఫ్టు పైకి కదిలేటప్పుడు అంకె పెరగటం, ఆగబోయేటప్పుడు తగ్గటం, మధ్యలో ఎంత వేగంగా పోతున్నా మామూలుగానే ఉండటం కళ్ళారా చూడవచ్చు. చూసేముందు "మధ్యలో ఎట్లా ఉంటుంది?" అని పందెం వేయండి. మా యింట్లో పెద్దవాళ్ళందరూ ఓడిపోయారు.

బుధవారం సంగతి చెప్పనేలేదు. ఆ ప్రయోగంలో రెండు గాజు పలకలను ఒక అంచున ఆనించి, రెండో పక్కన మధ్యలో సన్నతీగ పెడతారు. పలకల నడుమ గాలి చీలికలా సన్నగా మొదలై మందమవుతుంది. సోడియం దీపపు పసుపు వెలుతురు పడితే అందులో వరుసగా నల్లగీతలు కనిపిస్తాయి. ఒక గీతనుంచి తరువాతి గీతకు పోయేసరికి గాలి మందం వెలుతురు తరంగంలో సగం, అంటే మిల్లీమీటరులో మూడువేలవ వంతుకు కాస్త తక్కువ మాత్రమే పెరుగుతుంది. వాన వెలిసిన తరువాత రోడ్డుమీద పెట్రోలు మరకలో కనిపించే రంగులు ఈ జాతివే. ఆ పిల్ల మా యింటినుంచి వెళ్ళేటప్పుడు నాయనమ్మ తలవెంట్రుక ఒకటి కాగితంలో మడిచి తీసుకువెళ్ళింది. తీగకు బదులు దాన్ని పెట్టి కొలుస్తానని లెక్చరరుగారిని అడిగితే, ఆయన విస్తుపోయి, సరే కానిమ్మన్నారట.

ఆ రాత్రి ఫోను చేసింది. గొంతులో ఏడుపు. "0.097 మిల్లీమీటరు వచ్చింది తాతయ్యా. సార్ ఎర్రసిరాతో క్వశ్చన్ మార్కు పెట్టారు. అక్క రికార్డు ఎక్కిస్తే ఈపాటికి సంతకమయ్యేది." మాకు తప్పుచేసినట్లయింది. పిల్ల మార్కులతో మనకెందుకు చెలగాటమని ఇంట్లోనూ అన్నారు. వచ్చే బుధవారం మళ్ళీ చేయనిస్తారా అని అడిగి చూడమన్నాము.

చేయనిచ్చారు. ఈసారి లెక్చరరుగారే పక్కన నిలబడి, "దూరం ఎక్కడినుంచి ఎక్కడికి కొలిచావు?" అని ఒక్కమాట అడిగారట. పలక మొత్తం పొడవు 5 సెంటీమీటర్లూ వేసింది. వెంట్రుక ఉన్నది ఆనిన అంచుకు 3.6 సెంటీమీటర్ల దూరంలో. సరిచేసి లెక్కగడితే 0.070 మిల్లీమీటరు వచ్చింది. గీతలు మొత్తం ఎన్నుంటాయో కూడా లెక్కవేసింది, 237. క్వశ్చన్ మార్కు కొట్టేసి ఆయన సంతకం చేశారు, కొట్టేసిన గుర్తు మాత్రం పేజీలో అట్లాగే ఉన్నది. ఆ రికార్డును తెచ్చి నాయనమ్మకు చూపించింది. ఆ బ్యాచిలో ఇంకో ముగ్గురు ఇప్పుడు ఇంటినుంచి వెంట్రుకలు తెచ్చుకుంటున్నారట. మాది కూడా కొలుస్తానన్నది. మిగిలినవి లెక్కపెట్టుకొని ఒకటి ఇచ్చాము.